వాల్‌జూ 88 డైరీ: బాబాయి ఎన్నడూ నొక్కని బటన్లు

రోజు 1

బాబాయి వాచీ ఎట్టకేలకు నా బల్ల మీదికి వచ్చింది. 18 క్యారెట్ల బంగారు కేసు, కుడి పక్కన కీ తిప్పే కిరీటానికి పైనొకటి కిందొకటి బటన్లు, డయల్ మీదేమో తిరణాల. తొమ్మిది దగ్గర చిన్న సెకన్ల ముల్లు, మూడు దగ్గర 30 నిమిషాల లెక్క, ఆరు దగ్గర 12 గంటల లెక్క, ఆ గంటల లెక్క మధ్యలోనే చిన్న కిటికీలోంచి తొంగిచూసే చందమామ, పన్నెండు కింద పక్కపక్కనే రెండు కిటికీల్లో వారమూ నెలా, అంచు చుట్టూ 1 నుంచి 31 దాకా తేదీలు, వాటిని చూపించడానికి మధ్యలోంచి ఇంకో పొడవాటి ముల్లు. లెక్కపెడితే మొత్తం ఏడు ముళ్ళు. ఇంత చిన్న పళ్ళెంలో ఏడు ముళ్ళు పెట్టి, ఒకదానికొకటి తగలకుండా తిప్పడమే ఒక విద్య.

బాబాయి ఇస్తూ ఒకటే మాట చెప్పాడు. "అమ్మాయ్, ఆ బటన్లు మాత్రం నొక్కకు. నేను ఇరవై ఏళ్ళు పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా నొక్కలేదు. అందుకే ఇన్నాళ్ళు నడిచింది."

క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ, కొనుక్కుని, దాన్ని క్రోనోగ్రాఫ్‌గా ఒక్క రోజు కూడా వాడని మనిషి! నవ్వొచ్చింది గానీ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి తలుపేసుకుని పై బటన్ నొక్కాను. గట్టిగా ఉంది, రెండోసారి బొటనవేలితో నొక్కితే టక్కున దిగింది, మధ్య ముల్లు కదిలింది, పదకొండు సెకన్లు నడిచి వాచీ మొత్తం ఆగిపోయింది. మళ్ళీ నొక్కి క్రోనోగ్రాఫ్ ఆపితే వాచీ తిరిగి నడవడం మొదలుపెట్టింది. కింది బటన్ నొక్కితే ముల్లు వెనక్కి ఎగిరి సున్నా మీద కాకుండా రెండు సెకన్ల గీత మీద ఆగింది.

వాచీ టిక్కుటిక్కులు విని కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూశాను. అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ చక్రం ఊపు 190 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న పాతకాలపు వాచీ, పూర్తిగా కీ ఇచ్చి పడుకోబెడితే 270 నుంచి 300 మధ్య చూపించాలి. అంటే క్రోనోగ్రాఫ్ తగిలించక ముందే ఇది ఆయాసపడుతోంది. దాని మీద ఇంకో బరువు వేస్తే ఆగక ఏం చేస్తుంది?

రోజు 2

మాస్టారికి చూపించాను. ఆయన దగ్గర మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్నాను, మామూలు మూడు ముళ్ళ వాచీలు విప్పి శుభ్రం చేసి బిగించగలను, అంతవరకే. ఆయన వెనక మూత తీసి, లెన్స్ కంటికి పెట్టుకుని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాల్‌జూ 88 అమ్మా ఇది. దీన్ని ముట్టుకునే ముందు ఇంకోటి నాలుగుసార్లు విప్పి బిగించు" అన్నారు.

"నాలుగుసార్లేనా అండీ?"

"నాలుగోసారి నాకు ఫోన్ చేయకుండా బిగిస్తేనే."

వాల్‌జూ గురించి కొంచెం చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో వల్లీ ద జూ అనే లోయలో, లే బియూ అనే ఊళ్ళో రేమాండ్ సోదరులు 1901లో పెట్టిన కార్ఖానా ఇది. 1929లో లోయ పేరే కుదించి వాల్‌జూ అని పెట్టుకున్నారు. వీళ్ళు తయారుచేసేది వాచీ కాదు, వాచీ లోపలి ముడి యంత్రం. దాన్ని కొనుక్కున్న కంపెనీ తన స్థాయిని బట్టి చెక్కుకుని, మెరుగుపెట్టుకుని, తన పేరు వేసుకునేది. అందుకే డయల్ మీద పేరేమిటో నేను రాయడం లేదు, నాకు కావలసింది దాని వెనక ఉన్నది. పటేక్ ఫిలిప్ 1941లో మొదలుపెట్టిన 1518, అంటే నెలల పొడవులు తనే తెలుసుకునే పర్పెచువల్ క్యాలెండరూ క్రోనోగ్రాఫూ కలిపి వరుసగా తయారుచేసిన మొట్టమొదటి చేతివాచీ, దాని అడుగున ఉన్నది కూడా వాల్‌జూ ముడి యంత్రమే. బాబాయి వాచీ ఆ ఇంటికి దూరపు చుట్టమన్నమాట. ఆ మాట చెబితే ఆయన ఇంకా భయపడతాడు, చెప్పలేదు.

రోజు 3 నుంచి 16

సాధన కోసం సీగల్ ఎస్‌టీ19 యంత్రం తీసుకున్నాను. ఇది వీనస్ 175 అనే పాత స్విస్ యంత్రానికి వారసురాలు. వీనస్ పరికరాలు చైనాకు చేరాక, 1960లలో టియాంజిన్‌లో వాళ్ళ వైమానిక దళం వాచీ కోసం తయారైంది. కాలమ్ వీల్ ఉంది, నడుస్తున్న యంత్రాన్ని క్రోనోగ్రాఫ్‌కి కలపడానికి పక్క నుంచి వచ్చి తగులుకునే క్లచ్ ఉంది. అంటే వాల్‌జూ భాషే, యాస వేరు.

మొదటిసారి విప్పడానికి రెండు గంటలు, బిగించడానికి మూడు రోజులు. రెండోసారి ఒక స్ప్రింగు తలకిందులుగా పెట్టాను. మూడోసారి అంతా బిగించాక ఒక స్క్రూ మిగిలింది, అది ఎక్కడిదో తెలియదు, అంతకన్నా టెన్షన్ పెట్టే విషయం లోకంలో లేదు. నాలుగోసారి ఫోన్ చేయలేదు.

ఈ రెండు వారాల్లో నాకు తలకెక్కింది ఒకటే. క్రోనోగ్రాఫ్‌లో ఏ భాగమూ తన పని తాను చేయదు, పక్కవాడికి అనుమతి ఇస్తుంది లేదా ఆపుతుంది. దీనికంతటికీ పెద్ద కాలమ్ వీల్. చూడటానికి చిన్న కోట బురుజులా ఉంటుంది, అడుగున రంపపు పళ్ళు, పైన నిలువుగా స్తంభాలు. పై బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక పన్ను తిరుగుతుంది. మీటల కొసలు స్తంభం మీదన్నా ఆనుతాయి, రెండు స్తంభాల మధ్య సందులోకన్నా పడతాయి. పడితే ఒక అర్థం, ఆనితే ఇంకో అర్థం. క్రోనోగ్రాఫ్ నడుస్తున్నప్పుడు కింది బటన్ నొక్కితే ఏమీ కాదెందుకంటే, సున్నాకి కొట్టే సుత్తి ముక్కు అప్పుడు స్తంభానికి తగిలి కిందికి రాలేదు. బాబాయి ఇరవై ఏళ్ళు భయపడిన ప్రమాదానికి, వాచీ తయారుచేసినవాళ్ళే అడ్డుగా ఒక స్తంభం నిలబెట్టి పెట్టారు.

ఆ అడ్డు కావాలని తీసేస్తే వచ్చేదే ఫ్లైబ్యాక్. నడుస్తుండగానే కింది బటన్ నొక్కితే ముల్లు సున్నాకి వచ్చి, వదలగానే ఆగకుండా మళ్ళీ పరుగెడుతుంది. ఆపు, సున్నా చెయ్యి, మొదలుపెట్టు అనే మూడు నొక్కుళ్ళ బదులు ఒక్కటి. విమానం నడిపేవాళ్ళకు మలుపు మలుపుకీ సమయం చూసుకోవడానికి పనికొచ్చేది. లాంజిన్ 1936లో దీనికి పేటెంట్ తీసుకుని తన 13జడ్‌ఎన్ యంత్రంలో పెట్టింది. బాబాయి వాచీలో ఫ్లైబ్యాక్ లేదు, ఒకదాని మీద ఒకటి నడిచే రెండు సెకన్ల ముళ్ళ రట్రపాంత్ కూడా లేదు. దీని ప్రత్యేకత వేరే, క్యాలెండరూ చంద్రుడూ క్రోనోగ్రాఫూ ఒకే స్ప్రింగు మీద బతకడం.

రోజు 17

అసలు పని. వెనక మూత లోపలి వైపు సూదితో గీసిన గుర్తులు నాలుగు కనిపించాయి. బాగుచేసినవాళ్ళు తమ లెక్క కోసం గీసుకునేవి. ఒకటి చాలా పొందికగా ఉంది, ఒకటి కోడి గీకినట్టుంది. ఆ కోడి గీతల మనిషే ఈ యంత్రంలో ఏదో చేసి ఉంటాడని అనుమానం, దస్తూరీ చూసి మనిషిని అంచనా వేయడం తప్పేమో గానీ.

విప్పే ముందు ఒక జాగ్రత్త. ముళ్ళ మీద, అంకెల పక్క చుక్కల మీద గోధుమరంగు పూత ఉంది. చీకట్లో పెడితే వెలగదు. వెలగడం లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఆ కాలంలో పూసింది రేడియం, దాని అర్ధాయువు 1600 ఏళ్ళు, చచ్చిపోయింది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ మాత్రమే. మాస్టారి దగ్గరున్న, రేడియేషన్ పసిగట్టే గైగర్ కౌంటర్ డయల్ దగ్గర పెడితే పెసలు పెనం మీద వేసినట్టు చిటపటలు. కేసులో మూసి ఉన్నంతవరకు అంత భయం లేదు, గీకితే రాలే పొడి ఊపిరితో లోపలికి పోవడమే ప్రమాదం. అందుకని గ్లవ్స్, మాస్కు, కింద తడి కాగితం, ముళ్ళు తీయగానే మూతున్న డబ్బాలోకి. పూత జోలికి పోలేదు. కొత్త పూత వేయిస్తే బాగుంటుందని కొందరంటారు, నాకు నచ్చదు. వయసైన మొహానికి రంగేసినట్టుంటుంది.

రోజు 18

ముందు మెయిన్ స్ప్రింగులో ఉన్న బలమంతా మెల్లగా వదిలించి, తర్వాత వెనక వైపున్న క్రోనోగ్రాఫ్ భాగాలు ఒక్కొక్కటే తీశాను. ప్రతి అడుగుకీ ఒక ఫోటో, ప్రతి స్క్రూకి గళ్ళ పెట్టెలో ఒక గడి.

నేరస్తుడు దొరికాడు. క్రోనోగ్రాఫ్ మధ్య చక్రానికి అంచున ఎంతో సన్నని పళ్ళుంటాయి, కంటికి అవి పళ్ళలా కాదు, నాణెం అంచులా కనిపిస్తాయి. వాటికి నూనె తగలకూడదు, అవి పొడిగా ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఇక్కడ ఎవరో మహానుభావుడు చక్రం నిండా గ్రీజు పూశాడు. అది ఎండి బెల్లం పాకంలా గట్టిపడింది. అంతటితో ఆగలేదు. క్లచ్ చక్రం ఎంత లోతుకి దిగి పళ్ళు కలపాలో సరిచేసే ఎక్సెంట్రిక్ స్క్రూని కూడా తిప్పేశాడు, దాని గాడి పెదవులు చిరిగి ఉన్నాయి.

ఈ స్క్రూల గురించి మాస్టారు మొదటిరోజే చెప్పారు. కార్ఖానాలో ఒకసారి సరిపెట్టినవి, కారణం లేకుండా తిప్పకూడదు. ఒకటి తిప్పితే దాని పక్కది సరిపోదు, దాన్ని తిప్పితే మూడోది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టే. పళ్ళు మరీ లోతుకి దిగితే చక్రాలు బిగుసుకుని బ్యాలెన్స్ ఊపు చచ్చిపోతుంది, పైపైన తగిలితే సెకన్ల ముల్లు జారుతుంది, వణుకుతుంది. మొదటిరోజు పదకొండు సెకన్లకే ఆగిపోవడానికి కారణం ఇదీ, ఆ గ్రీజూ కలిసి.

రోజు 21

డయల్ కింద క్యాలెండర్. ఇక్కడ కాసేపు పని ఆపి చూస్తూ కూర్చున్నాను, పని ముందుకు సాగలేదు, సాగకపోయినా ఫర్వాలేదనిపించింది.

చందమామ పళ్ళెం నీలంగా, మీద రెండు బంగారు చంద్రుళ్ళు, మధ్యలో చుక్కలు. ఒక చంద్రుడు కిటికీ దాటి పోగానే రెండోవాడు వస్తాడు. చుట్టూ 59 పళ్ళు. రోజుకొక పన్ను. అంటే రెండు చాంద్రమాసాలకు 59 రోజులు, ఒకదానికి 29.5. ఆకాశంలో నిజం చంద్రుడు అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53059 రోజులు తీసుకుంటాడు. తేడా నెలకు సుమారు 44 నిమిషాలు. వాచీ ఆగకుండా నడిస్తే రెండేళ్ళ ఏడున్నర నెలలకు ఒక రోజు తప్పుతుంది. 135 పళ్ళ చక్రంతో చేస్తే ఆ తప్పు 122 ఏళ్ళకు ఒక రోజుకి తగ్గుతుంది, ఖరీదైన వాచీల ప్రకటనల్లో కనిపించే సంఖ్య అదే. నన్నడిగితే రోజూ కీ ఇవ్వాల్సిన వాచీకి 59 చాలు. రెండేళ్ళ ఏడు నెలలు ఒక్కరోజు కూడా కీ ఇవ్వడం మర్చిపోని మనిషి ఎక్కడున్నాడు?

తేదీ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఈ క్యాలెండర్‌కి అన్ని నెలలూ 31 రోజులే. ఏడాదికి ఐదుసార్లు, మార్చి, మే, జూలై, అక్టోబరు, డిసెంబరు మొదటి తేదీల్లో మనం చేత్తో సరిచేయాలి. పర్పెచువల్ క్యాలెండర్‌లో నాలుగేళ్ళకొక చుట్టు తిరిగే చక్రం ఒకటి ఉండి, లీపు సంవత్సరంతో సహా నెలల పొడవులన్నీ దాని అంచున లోతులుగా చెక్కి ఉంటాయి, ఒక మీట ఆ లోతులు తడిమి ఇవాళ 28 తర్వాత ఏమిటో తెలుసుకుంటుంది. దానికి కూడా 2100 సంవత్సరం వస్తే చేతి సాయం కావాలి, నాలుగుతో భాగించబడినా అది లీపు సంవత్సరం కాదు గనక.

రోజు 24

శుభ్రం చేయడం అయింది. ఇక నూనెలు. మెయిన్ స్ప్రింగు ఉండే బ్యారెల్‌కి చిక్కటిది, వేగంగా తిరిగే చక్రాలకు మోబియస్ 9010, చక్రాన్ని ఒక్కో పన్నుగా వదిలే పాలెట్ రాళ్ళకు 9415. చుక్క అనడం కూడా ఎక్కువే, సూది మొన మీద మెరిసేంత.

రోజు 25

సుత్తిని నెట్టే స్ప్రింగు విరిగింది. నా చేతుల్లోనే. నెమ్మదిగానే వంచాను, అయినా టిక్కుమని రెండు ముక్కలైంది. బహుశా ముందే పగులుందేమో. బహుశా అని రాసుకుంటున్నాను, మనసుకి ఊరట కోసం.

సాయంత్రం మాస్టారి దగ్గరికి వెళ్ళి తలొంచుకుని నిలబడ్డాను. ఆయన ఏమీ అనకుండా అటక మీంచి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దించారు. దాన్నిండా చచ్చిపోయిన క్రోనోగ్రాఫులు. వాల్‌జూ 72 భాగాలు చాలావరకు 88కి సరిపోతాయి, అసలు 88 అంటే 72కి క్యాలెండరూ చంద్రుడూ తగిలించినదే. అరగంట వెతికితే ఒక తుప్పుపట్టిన 72లో మచ్చలేని స్ప్రింగు దొరికింది. "విరగ్గొట్టకుండా ఎవరూ నేర్చుకోలేదులే అమ్మా, కానీ ఇది రెండోసారి దొరకదు" అన్నారు. ఆ రెండో సగం ఆయన ఇంకొంచెం మెల్లగా అని ఉంటే బాగుండేది.

రాత్రి బాబాయి ఫోన్. "అమ్మాయ్, నా వాచీ బతికుందా?" బతికుంది బాబాయ్, చిన్న ఆపరేషన్ జరుగుతోంది అన్నాను.

రోజు 29

మూల యంత్రం బిగించి, క్రోనోగ్రాఫ్ భాగాలు లేకుండా నడిపాను. ఊపు 288. టైమ్‌గ్రాఫర్ గీత సన్నగా, సూటిగా. గంటకు 18,000 కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఐదు. అందుకే డయల్ మీద ఒక్కో సెకను ఐదు భాగాలుగా గీసి ఉంది. యంత్రం ఎంత సన్నగా కొలవగలదో గీతలు కూడా అంతే. కొన్ని వాచీల డయల్ మీద యంత్రానికి చేతకాని గీతలు కూడా గీస్తారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పనిలో పనిగా ఒక లెక్క. లూయీ మొయినే అనే ఫ్రెంచి గడియారాల నిపుణుడు 1816లో నక్షత్రాల కదలిక కొలవడానికి చేసుకున్న యంత్రం గంటకు 2,16,000 సార్లు కొట్టుకునేది. బాబాయి వాచీకి పన్నెండు రెట్లు, అదీ రెండు వందల ఏళ్ళ కిందట. ఇది 2013లో బయటి లోకానికి తెలిసేదాకా మొదటి క్రోనోగ్రాఫ్ ఘనత నికోలా రియూసెక్‌దే. ఆయన 1821లో పారిస్ గుర్రప్పందేల్లో వాడిన యంత్రం తిరిగే డయల్ మీద నిజంగానే సిరా చుక్క పెట్టేది. గ్రీకులో క్రోనోగ్రాఫ్ అంటే కాలాన్ని రాసేది. సిరా పోయింది, పేరు మిగిలింది.

రోజు 31 నుంచి 34

ఎక్సెంట్రిక్ స్క్రూతో నాలుగు రోజులు. ఇంతకుముందున్న సరైన చోటు ఏదో తెలియదు, గుర్తు చెరిపేశారు. పళ్ళు ఇంచుమించు మూడింట రెండు వంతులు లోపలికి దిగితే సరి అని మాస్టారి మాట. దాన్ని లెన్స్ కింద చూస్తూ వెంట్రుకవాసి తిప్పడం, నడపడం, ఊపు చూడటం, మళ్ళీ తిప్పడం.

మొదటి రోజు 225. రెండో రోజు 240, కానీ మొదలయ్యేటప్పుడు ముల్లు ముందుకు ఒక చిన్న గెంతు వేస్తోంది. పక్క నుంచి తగులుకునే క్లచ్‌కి ఇది పుట్టుమచ్చ. తిరుగుతున్న చక్రం పన్ను సరిగ్గా ఆగి ఉన్న చక్రం పన్ను కొస మీద పడితే, సందు దొరికేదాకా అటో ఇటో నెట్టుకుంటుంది. పైనుంచి కిందికి బిళ్ళలా అతుక్కునే నిలువు క్లచ్‌తో ఈ బాధ ఉండదు, సీకో 1969లోనే తన 6139లో అది పెట్టింది. అయినా నాకు పాతదే ఇష్టం. నిలువు క్లచ్‌లో జరిగేది కంటికి కనపడదు. ఇందులో మీట వంగడం, చక్రం పక్కకి ఒరగడం, పళ్ళు కలవడం, అంతా మన కళ్ళెదుటే.

నాలుగో రోజు క్రోనోగ్రాఫ్ నడుస్తుండగా 262. నడవనప్పుడు 286. ఇరవై నాలుగు డిగ్రీలు మాత్రమే తింటోంది. ఇక ఆ స్క్రూని ముట్టుకోను, ఎవరినీ ముట్టుకోనివ్వను.

గంటల లెక్కది వేరే కథ. దానికి బలం మధ్య చక్రం నుంచి కాదు, నేరుగా బ్యారెల్ వైపు నుంచి వస్తుంది, జారే పట్టుతో. క్రోనోగ్రాఫ్ ఆపినప్పుడు ఒక బ్రేకు దాన్ని ఆపాలి. బ్రేకు పట్టు చాలక, క్రోనోగ్రాఫ్ ఆపేసినా గంటల ముల్లు దొంగలా మెల్లగా పాకుతోంది. బ్రేకు కొస తుడిచి, స్ప్రింగుకి కాస్త బలం ఇస్తే కుదురుకుంది.

రోజు 36

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు, చేసింది మాత్రం చాలా తక్కువ. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి, లెన్స్ ఆనించి, ముల్లు సున్నాకి రావడాన్ని తీశాను.

మధ్య చక్రం మీద గుండె ఆకారంలో ఒక చిన్న ఉక్కు బిళ్ళ ఉంటుంది. కింది బటన్ నొక్కగానే సుత్తి చదునైన మొహంతో దాని మీద పడుతుంది. గుండె అంచు ఎలా చెక్కారంటే, సుత్తి ఎక్కడ తగిలినా ఆ అంచు జారుతూ, తిరుగుతూ, పై భాగంలో రెండు బుగ్గల మధ్య ఉన్న పల్లానికే వచ్చి ఆగాలి. ఆ పల్లమే సున్నా. ముల్లు ఎక్కడుందో యంత్రానికి తెలియనక్కర్లేదు, లెక్కపెట్టక్కర్లేదు. అడాల్ఫ్ నికోల్ 1844లో ఈ గుండె బిళ్ళకి పేటెంట్ తీసుకున్నాడు, ఇవాళ్టికీ చేతివాచీల్లో ఇదే వాడుతున్నారు.

ముల్లు 20 సెకన్ల దగ్గర ఉండగా నొక్కితే వెనక్కి తిరిగి సున్నాకి వచ్చింది. 40 దగ్గర నొక్కితే వెనక్కి రాలేదు, ముందుకు పరుగెత్తి 60 మీదుగా సున్నాకి చేరింది. ఏది దగ్గరైతే ఆ దారి. మామూలు కంటికి రెండూ ఒక్కలాగే మాయమై ప్రత్యక్షమవుతాయి, రెండు మూడు ఫ్రేముల పని. మరి సరిగ్గా 30 దగ్గర? అక్కడ సుత్తి కింద ఉండేది గుండె కొస. కాగితం మీద లెక్క వేస్తే ఎటూ తేలక అక్కడే నిలబడాలి. యాభై సార్లు ప్రయత్నించాను. ఒక్కసారీ నిలబడలేదు, ఎటో ఒకవైపు జారింది. 29.8 దగ్గర వెనక్కి, 30.2 దగ్గర ముందుకు. ఐదో వంతు సెకను అటూ ఇటూ అయితే దారే మారిపోతుంది. రాత్రి ఒంటిగంట దాకా అదే ఆట, పాత సుత్తికి కొత్త స్ప్రింగు పెట్టిన సంగతి కూడా మర్చిపోయి.

మొదటిరోజు ముల్లు రెండు సెకన్ల గీత మీద ఆగడానికి కారణం కూడా ఇక్కడే తెలిసింది. గుండె తప్పు కాదు, ముల్లు గొట్టం వదులై ఆ ఎగిరే ఊపుకి జారిపోయింది. గొట్టం కాస్త బిగించి, సుత్తి గుండె మీద నొక్కి ఉన్నప్పుడే ముల్లు సున్నాకి పెట్టి కూర్చోబెట్టాలి. సీగల్ మీద నేర్చుకున్నదే.

రోజు 38

ముళ్ళు, డయల్ ఎక్కించాను. తేదీ సరిచేద్దామని కేసు పక్కన గుంతలో ఉన్న బటన్‌ని చెక్క పుల్లతో నొక్కాను. మెత్తగా దిగాల్సింది గట్టిగా తగిలింది. గుండె గుభేలుమంది, నా గుండె, ఉక్కుది కాదు.

వెంటనే చెయ్యి తీసేశాను. ముళ్ళు పదీ పదిహేను చూపిస్తున్నాయి. నేను పొద్దున అనుకున్నాను, వాచీ మాత్రం రాత్రి పది అనుకుంటోంది. ఈ డయల్ మీద పగలో రాత్రో చెప్పే గుర్తు లేదు. రాత్రి పది దగ్గర నుంచి రెండు దాకా తేదీ మార్చే వేళ్ళు పళ్ళలో దిగి ఉంటాయి, ఆ టైములో బయటి నుంచి నెడితే రెండు బలాలూ ఎదురెదురుగా కొట్టుకుని ఏదో ఒకటి విరుగుతుంది. ముళ్ళు ముందుకు తిప్పుతూ పోయాను, పన్నెండు దాటాక తేదీ కదిలింది, మూడు దాటాక పుల్లతో నొక్కితే వెన్నలా దిగింది. బతికిపోయాను. తర్వాత వచ్చిన వాల్‌జూ 7751లో డయల్ ఇంచుమించు ఇవే చూపిస్తుంది, దానికి 24 గంటల ముల్లు ఒకటి అదనంగా పెట్టారు. ఎందుకు పెట్టారో ఇవాళ ఒళ్ళంతా తెలిసింది.

చంద్రుణ్ణి మాత్రం ఇంకా పెట్టలేదు. కిటికీలో పౌర్ణమి నడిమధ్యకి వస్తే కచ్చితంగా కనిపిస్తుంది, అక్కడి నుంచి రోజుకొక నొక్కుడు లెక్కపెట్టుకోవడం తేలిక. ఇవాళ పౌర్ణమి దాటి ఆరో రోజు, కాబట్టి నడిమధ్యకి తెచ్చి ఆరు నొక్కుళ్ళు. నొక్కుతూ కిటికీలోంచి బయట కూడా ఒకసారి చూశాను. మబ్బు పట్టి ఉంది.

రోజు 45

వారం రోజులు పరీక్ష. పడుకోబెట్టి, నిలబెట్టి, కిరీటం పైకీ కిందికీ. రోజుకి సగటున ఆరు సెకన్లు ముందు. ఈ వయసుకి నాకిది చాలు, ఇంకా తగ్గించొచ్చు గానీ మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. "బాగున్నదాన్ని ఇంకా బాగుచేయబోయే పాడుచేస్తారమ్మా."

మూత లోపల నా గుర్తు గీయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. బంగారాన్ని గీకడానికి చెయ్యి రాలేదు. తేదీ, ఊపు అంకెలు, మార్చిన స్ప్రింగు సంగతి చిన్న కాగితం మీద రాసి డబ్బాలో పెట్టాను. తర్వాతవాళ్ళు దస్తూరీ చూసి నన్ను తిట్టుకోకుండా కాస్త పొందిగ్గానే రాశాను.

రోజు 46

బాబాయికి ఇచ్చాను. మణికట్టుకి పెట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, "కొత్తగా కొట్టుకుంటోందే" అన్నాడు. పై బటన్ నొక్కమన్నాను. నొక్కనన్నాడు. కోట బురుజు, స్తంభం, సుత్తి ముక్కు, అంతా కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఒకవేళ తప్పుగా నొక్కినా ఏమీ కాదు, స్తంభం అడ్డుంటుంది అన్నాను. పావుగంట తర్వాత కళ్ళు మూసుకుని నొక్కాడు. ముల్లు కదిలింది. కళ్ళు తెరిచి, ఒక నిమిషం తిరిగేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. నిమిషం నిండగానే మూడు దగ్గరి చిన్న ముల్లు ఒక గీత గెంతింది. "అదేంటది, అది కూడా కదిలింది!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి.

కింది బటన్ సంగతి చెప్పేలోపు పిన్ని అన్నానికి పిలిచింది.

రోజు 47

పొద్దున్నే ఫోన్.

"అమ్మాయ్, ఆపడం మర్చిపోయి పడుకున్నాను. రాత్రంతా నడిచింది. ఆరు దగ్గరి ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్ళీ రెండు మీదికి వచ్చింది. ఏమన్నా అయిందా?"

ఏమీ కాలేదు బాబాయ్, కీ కొంచెం ముందుగా అయిపోతుందంతే, పై బటన్ నొక్కి ఆపు, తర్వాత కిందిది నొక్కు అన్నాను.

ఫోన్లో టక్కుమని ఒక చప్పుడు. కాసేపు ఏమీ లేదు. ఇంకో టక్కు.

"మూడూ ఒకేసారి ఎగిరాయే! ఉండు, మళ్ళీ నొక్కుతాను, పెట్టెయ్యకు."